బంద్ చేసినంక దగ్గు ఎక్కువైంది సార్

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నరు?

కాలర్: నమస్తే మేడమ్, వరంగల్, ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే హమాలి పని చేస్త.

యాంకర్: టీవీ సౌండ్ జర తగ్గించున్రి అన్నా.

కాలర్: ఆ… తగ్గించిన. సార్, 20 ఏండ్ల సంది దినాం ఒక ప్యాకెట్ సిగరెట్లు తాగేది, బిడ్డ లొల్లి పెట్టిందని 10 రోజుల కింద బంద్ చేసిన, ఇగ దగ్గు తగ్గాలె గదా, ఇంకా ఎక్కువైంది, పొద్దుగాల లేవంగనే తెమడ నల్లగ పడుతుంది. దోస్తులేమో ఒక్కటి ముట్టియ్, సాఫ్ అయితదంటున్నరు.

డాక్టర్: వాళ్ల మాట వినకున్రి. గాలి గొట్టాల లోపల సన్నటి వెంట్రుకలు ఉంటయన్నా, కంటికి కనపడవు, గాలికి వరి చేను ఊగినట్టు ఊగుకుంట దుమ్మును, మీ మిర్చి ఘాటును జిగటతోని గొంతు దాకా నూకుతయి. పొగ తగిలితే అవి పండుకుంటయి, ఏండ్లకేండ్లు తాగితే పొట్టిగైతయి, ఊడిపోతయి, ఆ జాగల చర్మం లెక్క మొద్దు కణాలు వస్తయి. ఊడ్చేటోడు లేకపోతే చెత్త లోపలనే ఉంటది గదా. మీరు మానేసిన్రు కాబట్టి అవి మళ్ల లేస్తున్నయి, గందుకే ఈ దగ్గు, కొన్ని వారాలల్ల తగ్గుతది.

కాలర్: అంటే మొత్తం మంచిగైతద?

డాక్టర్: అబద్ధం చెప్ప. గొట్టాలు చానా మటుకు తేరుకుంటయి. కింద గాలి తిత్తులు కోట్లల్ల ఉంటయి, అవి ఖరాబైతే మళ్ల రావు. పొగ మీద కొట్లాడనీకి తెల్ల రక్తకణాలు వస్తయి, అవి వదిలే ఎంజైమ్ తిత్తుల సాగే గుణాన్నే తింటది, నిక్కర్ ఎలాస్టిక్ వదులైనట్టు. గాలి లోపలికి పోతది గని మొత్తం బయటికి రాదు. బస్తా ఎత్తితే ఆయాసం వస్తుందా?

కాలర్: మునుపు లారీ నింపేటోన్ని సార్, ఇప్పుడు నాలుగు బస్తాలకే కూసుంటున్న. మిర్చి ఘాటనుకున్న.

డాక్టర్: ఘాటు గూడ ఉంటది. ఊదే పరీక్ష చేయించుకోన్రి, స్పైరోమెట్రీ అంటరు. దగ్గు రెండు వారాలు దాటితే సర్కారు దవాఖానల తెమడ పరీక్ష, టీబీకి, పైసలు అడగరు. రక్తం పడితే మాత్రం ఆ రోజే పోవాలె.

కాలర్: మరి బీడీ? ఆకే గదా సార్.

డాక్టర్: తునికాకు ఊకె ఆరిపోతది, గట్టిగ గుంజాలె, పొగ ఇంకింత లోపలికి పోతది. సిగరెట్ పొగల 7000 పైన రసాయనాలున్నయి, క్యాన్సర్ తెచ్చేవే 70 దాకా. బెంజోపైరీన్ అని ఒకటుంటది, కణంల డీఎన్ఏకు అతుక్కుంటది, కణాన్ని అదుపుల పెట్టే పీ53 జీన్ ను చెడగొడతది. బీడీ పొగల గూడ అది ఉంటది. ఇంట్ల ఏమన్న మిగిలినయా?

కాలర్: ప్యాకెట్ల మూడున్నయి సార్.

డాక్టర్: లైన్ల ఉండంగనే నీళ్లల్ల వెయ్యున్రి.

కాలర్: ఆగున్రి సార్, బిడ్డను పిలుస్త.