పదకొండు మందికి మోషన్స్, సర్కారు లెక్కలో సున్నా

హాయ్ అండి, ఇవాళ మొత్తం కడుపు గొడవే, తిండితో వచ్చే జబ్బులు ఎందుకు లెక్కలోకి ఎక్కవో చెప్తా, అన్నం తింటూ చూసేవాళ్లుంటే తినేశాక రండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

మొన్నామధ్య మా చుట్టాలింట్లో ఎంగేజ్‌మెంట్ అయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనాలు. తెల్లవారుజామున 3 గంటలకి ఫ్యామిలీ గ్రూపులో పెద్దమ్మ మెసేజ్, "ఎవరికైనా మోషన్స్ అవుతున్నాయా?" అని. ఇంక చూస్కోండి, ఒక్కొక్కరే బయటపడ్డారు, తెల్లారేసరికి పదకొండు మంది. కొందరు మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకున్నారు, ఒకాయన ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నాడు, అమ్మమ్మేమో ఇదంతా దిష్టే అని ఉప్పూ మిరపకాయలూ తీసి దిగదుడిచింది, బాబాయికి ఒక్కడికే సెలైన్ ఎక్కించారు. మలం టెస్ట్ ఎంతమందికి చేశారో తెలుసా? ఒక్కరికీ లేదు. అంటే సర్కారు ల్యాబు రికార్డులో ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదన్నమాట.

ఇది మా ఇంటి కథే కాదు. ఒక కేసు ఫలానా క్రిమి వల్లేనని లెక్కలోకి ఎక్కాలంటే మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, డాక్టర్ టెస్ట్ రాయాలి, మనం శాంపిల్ ఇవ్వాలి (ఆ డబ్బా పట్టుకుని ల్యాబుకి వెళ్లే ధైర్యం ఎంతమందికి ఉంది చెప్పండి), ల్యాబులో ఆ క్రిమి దొరకాలి, దొరికాక వాళ్లు పైకి పంపాలి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా కేసు గల్లంతే. అన్ని ల్యాబులున్న అమెరికాలోనే, టెస్టులో తేలిన ఒక్కో సాల్మొనెల్లా (తిండితో వచ్చే ఒక బ్యాక్టీరియా) కేసు వెనకాల ఇంకో 29 బయటపడకుండా ఉంటాయని వాళ్ల ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంచనా. అందుకే వాళ్లు జనానికి ఫోన్లు చేసి ఈ నెలలో విరేచనాలయ్యాయా, డాక్టర్‌కి చూపించుకున్నారా అని అడిగి, ఆ జవాబుల్ని బట్టి అసలు సంఖ్య కట్టారు. అలా 2011లో కట్టిన లెక్కలో తిండి వల్ల జబ్బు పడేవాళ్లు ఏడాదికి 4.8 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. హాస్పిటల్లో చేరేది 1,28,000, పోయేది 3 వేల మంది.

ప్రపంచం మొత్తానికి డబ్ల్యూహెచ్ఓ 2015లో లెక్క తీసింది, 2010 సంవత్సరానికి. తిండి వల్ల 60 కోట్ల మందికి జబ్బు, 4,20,000 మరణాలు. అందులో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు. జనాభాలో వాళ్లు 9 శాతమే, చావుల్లో మాత్రం 30 శాతం. ఈ లైన్ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే మనం పెద్దవాళ్లం రెండ్రోజులు బాత్రూం చుట్టూ తిరిగి లేచిపోతాం, చంటిపిల్లకి అవే విరేచనాలు అంటే పూట తిరిగేసరికి ఒంట్లో నీళ్లన్నీ పోతాయి.

ఇంకోటి, ఎక్కువమందికి వచ్చేదీ ఎక్కువమందిని చంపేదీ ఒకటే అనుకోకండి. అదే రిపోర్టులో తిండి ద్వారా నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్) వచ్చినవాళ్లు 12 కోట్ల పైనే, చనిపోయింది 35 వేల దాకా. టైఫాయిడ్ వచ్చింది 76 లక్షల మందికే, పోయింది మాత్రం 52 వేల మంది! అంటే నోరోవైరస్‌తో పోయేది మూడున్నర వేల మందిలో ఒకరైతే టైఫాయిడ్‌తో నూట నలభై అయిదుగురిలో ఒకరు. మరి మనవాళ్లు టైఫాయిడ్‌ని ఎలా చూస్తారు? నాలుగు రోజులు జ్వరం తగ్గగానే యాంటీబయాటిక్ కోర్సు సగంలో ఆపేస్తారు.

మనకి వార్త అయ్యేది గుంపుగా పడిపోయినప్పుడే. హాస్టల్, పెళ్లి, బిర్యానీ. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకావిడ చనిపోయి, చాలామంది హాస్పిటల్ పాలయ్యాక తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీజ్‌ని ఏడాది పాటు బ్యాన్ చేసింది. మంచిదే. కానీ ఇంట్లో ఒక్కళ్లకి వస్తే అది "ఏదో పడలేదు" అంతే, దానికి టీవీ రాదు, ఇన్‌స్పెక్టరూ రాడు.

పైగా మనం ఎప్పుడూ ఆఖర్న తిన్నదాన్నే తిడతాం. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషమైతే గంటల్లోనే వాంతులు, సాల్మొనెల్లా ఐతే ఒక్కోసారి రెండు మూడు రోజులు, టైఫాయిడ్ ఐతే వారం నుంచి మూడు వారాలు, తిండితో వచ్చే పచ్చకామెర్లు, అదే హెపటైటిస్ ఎ, బయటపడటానికి నెల రోజులు పట్టొచ్చు. నెల కింద ఏం తిన్నారో మీకు గుర్తుందా? నాకు నిన్నటి కూర గుర్తులేదు.

మా గ్రూపులో అయితే దోషి ఆ ఉదయమే దొరికిపోయాడు, పెరుగుగారెలు. బాబాయి తీర్పు చెప్పేశాడు, క్యాటరింగ్ ఆయనకి ఫోన్ చేసి నాలుగు మాటలు కూడా అన్నాడు. మా వదినేమో పెరుగుగారె ముట్టనే లేదు, ఆవిడకీ అయ్యాయి. పెద్ద గిన్నెలో వండి గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంచిన మటన్‌లో క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా ఒకటి పెరుగుతుంది, 6 నుంచి 24 గంటల్లో పట్టుకుంటుంది, మనకి పద్నాలుగు గంటలు, టైమింగ్ సరిపోతోంది అని నేను టైప్ చేశాను. టైమింగ్ ఒక్కటే చాలదనుకోండి, నిజంగా ఆరా తీసేవాళ్లు జబ్బు పడినవాళ్లతో పాటు బాగున్నవాళ్లని కూడా మీరేం తిన్నారని అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అదీ టైప్ చేశాను. ఆ రోజు భోంచేసి శుభ్రంగా ఉన్నవాళ్లు గ్రూపులో ముప్పై మంది దాకా ఉన్నారు, ఇప్పటికీ ఒక్కరూ జవాబివ్వలేదు, పెద్దమ్మ మాత్రం గుడ్ మార్నింగ్ పువ్వుల ఫొటో పెట్టింది.