ప్రీత్‌కి ఒక 'ఈ' తగ్గితే

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాక మాస్టారు వరసగా చదివేశారు. నేను మళ్ళీ చదవను. ఒకరి పేరు వదిలేశానంటే సాయంత్రం దాకా ఆ టెన్షన్ నాకెందుకు? ఎంబ్రాయిడరీ ట్రైనింగ్ పూర్తిచేసిన మీ అందరికీ అభినందనలు. నాకిచ్చిన అంశం 'చేతిపనికి మార్కెట్ అవకాశాలు'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. దానికంటే ముందు ఒక చిన్న సంగతి చెప్పేసి అందులోకి వస్తాను.

ఈ చిన్న డ్రెస్ చూడండి. మా మనవరాలిది. పొట్టి కమీజు, కుచ్చిళ్ళ పటియాలా సల్వారు, మూరెడు ఫుల్కారీ దుపట్టా. ఫుల్కారీ అంటే పంజాబీవాళ్ళ పూల కుట్టుపని. వెనకవాళ్ళకి కనపడదు, ఒకరి నుంచి ఒకరికి అందించండి. మా అల్లుడు పంజాబీ. మనం భోగి మంటలు వేసుకునే రోజుల్లోనే, జనవరి 13న, వాళ్ళకి లోహ్రీ పండగ. ఇంట్లో కొత్తగా బిడ్డ పుడితే ఆ మొదటి లోహ్రీకి సందడే వేరు. పాపకి గుడ్డల మీద పేరు కుట్టించి పంపుదామని నేనే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాను. ఏ షాపో అడక్కండి.

మా పాప పేరు చివర ప్రీత్ అని వస్తుంది. గురుప్రీత్, హర్‌ప్రీత్, మన్‌ప్రీత్... అలాంటిదే. ప్రీత్ అంటే ప్రేమ. ఇంగ్లీషులో రెండు 'ఈ'లు రాయాలి. నేను రెండే టైపు చేశాను, ఫోన్లో ఇప్పటికీ ఉంది. వాళ్ళు ఒకటే కుట్టారు. ప్రీత్ కాస్తా ప్రేత్ అయి కూర్చుంది! నెలల పిల్ల గుండెల మీద, బంగారు రంగు దారంతో, ప్రేతం.

నవ్వండి నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రోజు నవ్వలేదు. ఫోన్ చేస్తే, పేరు కుట్టిన బట్ట వెనక్కి తీసుకోరట. ఆపరేటర్ పొరపాటట. ఆ ఆపరేటరెవరమ్మా అంటే చెప్పరు. అక్షరానికింత అని విడిగా డబ్బులు తీసుకున్నారు, కుట్టని అక్షరానికి కూడా. పోనీ 'ఈ' నేనే ఇరికిద్దామంటే చోటు లేదు. బట్ట తిరగేస్తే లోపల గట్టి పేపరు అలాగే ఉంది, గరుకుగా, పసిపిల్ల ఒంటికి తగిలేలా. మిషను మీద కుట్టేటప్పుడు గుడ్డ ముడతలు పడకుండా వేస్తారు కదా, అది. ఆ తర్వాత చించెయ్యాలి, పైన మెత్తటి గుడ్డ వెయ్యాలి. మీకు నేర్పారా? నేర్పారు. సంతోషం.

అప్పుడే నాకు బీజీ గుర్తొచ్చింది. బీజీ అంటే పెద్దావిడని అక్కడ పిలిచే పిలుపు. 1994లో మావారికి పటియాలాలో రైల్వే డీజిల్ కాంపొనెంట్ వర్క్స్‌కి బదిలీ అయింది. నర్సాపురం నుంచి వెళ్ళినదాన్ని, హిందీయే అంతంతమాత్రం, పంజాబీ అసలు రాదు. మా కింది వాటాలో బీజీ. 1947లో బహావల్‌పూర్ వైపు నుంచి చిన్నపిల్లగా నడిచొచ్చిన మనిషి. మధ్యాహ్నం పూట గుమ్మంలో మంచం వేసుకుని ఫుల్కారీ కుట్టేది.

ఫుల్కారీ ఎలా కుడతారో తెలుసా? బట్ట వెనకవైపు నుంచి. మనకి మగ్గం మీద పువ్వు కళ్ళెదురుగా విచ్చుకుంటుంది. అక్కడ అలా కాదు. ముతక ఖద్దరు, దాని మీద పురి పెట్టని పట్టు దారం, 'పట్' అంటారు. పోగులు లెక్కపెట్టుకుంటూ వెనక నుంచి కుట్టుకుపోవడమే. కుట్టేవాళ్ళ వైపు చుక్కలు చుక్కలుగా ఉంటుంది, మెరిసే పొడుగు కుట్లన్నీ అవతలి వైపు పడతాయి. పట్ దారం ఎంత సున్నితమంటే చేతికి కాస్త పగుళ్ళున్నా పట్టేసి పీచు లేస్తుంది. కింది ఖద్దరు రంగు కనపడకుండా బట్టంతా కుట్టుతో నింపేస్తే అది బాగ్. మనవడు పుట్టగానే, ఎప్పుడో వాడికి రాబోయే పెళ్ళాం కోసమని నాయనమ్మ మొదలుపెట్టేదట ఒక బాగ్. మనవరాలి పెళ్ళికి కప్పే చోప్‌ని అమ్మమ్మ కుట్టేది, అది రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఎవరికోసమో ముందే తెలుసు, ఇక దానిమీద పేరెందుకు?

కానీ బీజీ మనవడు పుట్టినప్పుడు కోడలు ముచ్చటపడింది, లోహ్రీ కుర్తా మీద గురుముఖిలో, అంటే పంజాబీ లిపిలో, పేరుండాలని. పేరు చెప్పను, వాడికిప్పుడు ముప్పయ్యేళ్ళు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. గురుద్వారాలో వాళ్ళ పవిత్ర గ్రంథం గ్రంథ్ సాహిబ్ తెరిస్తే ఆ పేజీలో వచ్చిన వాక్కుని హుకుం అంటారు, దాని మొదటి అక్షరాన్ని బట్టి పేరు పెడతారు. వాడికి 'గ' వచ్చింది. నేను కుడతానని పైన పడి తీసుకున్నాను. మరి బీఏ చదివినదాన్ని! బీజీకి సంతకం కూడా రాదు.

మూడు రోజులు కూర్చున్నాను. గురుముఖి అక్షరాలకి నెత్తిన అడ్డగీత ఉంటుంది కాబట్టి పోగుల లెక్కకి బాగా కుదురుతుంది. మన 'అ' కుట్టి చూడండి ఖద్దరు మీద, ఆ గుండ్రానికి ప్రాణం పోతుంది. సరే, పూర్తిచేసి కుర్తా తిప్పి కోడలికి చూపించాను. ఆమె మొహం చూడాలి. 'గ'కి నిలువు గీత కుడివైపుండాలి. నాది ఎడమవైపుంది. పేరంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. వెనక నుంచి కుడుతూ అక్షరాలు మాత్రం ముందు నుంచి కుట్టానన్నమాట!

బీజీ బట్ట తిప్పి, మళ్ళీ తిప్పి, "నువ్వు కూర్చున్న వైపు నుంచి సరిగ్గానే ఉంది పుత్తర్" అంది. దిష్టికి కావాలని ఒక పువ్వు రంగు మార్చి కుడతారు వాళ్ళు, నజర్ బూటీ అని. ఇదీ అలాగే ఉండనీ అంది. కోడలు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. అంతా విప్పాం. ఎర్ర ఖద్దరు మీద పసుపు నూగు మిగిలిపోయింది, పోగులు ఎడమెడమై చిల్లులు పడ్డాయి. ఆ చిల్లుల్ని గోటితో సర్దింది బీజీ. తర్వాత పల్చటి కాగితం మీద పేరు రాయించి, దాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించింది. ఎదురెండలో అక్షరాలు వెనక్కి తిరిగి కనపడ్డాయి. అది చూసుకుంటూ పోగులు లెక్కపెట్టి కుట్టేసింది. ఒక్క తప్పు లేదు. ఏం కుట్టిందో ఆవిడ చదవలేదు!

మరి నీ పేరో బీజీ, అని అడిగాను. "ఎవరడుగుతారు?" అంది.

అదమ్మా నా బాధ. మార్కెట్ గురించి మాట్లాడమన్నారు, ఇదే మార్కెట్. మా అమ్మ నర్సాపురంలో నలభయ్యేళ్ళు లేసు అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లింది పట్టుకెళ్ళేవాడు. పెట్టె మీద కంపెనీ పేరు, ఊరు పేరు. అమ్మ పేరు ఎక్కడా లేదు. పటియాలాకి చెందిన లాజ్‌వంతి గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, ఫుల్కారీకే. ఆ రోజు టీవీ ముందు లేచి నిలబడ్డాను నేను. ఒక్క పేరైనా బయటికొచ్చిందని.

ఇప్పుడు పిల్లల బట్టల మీద పేర్ల గిరాకీ బాగా ఉంది.  మీరు కుట్టండి. పేరు మాత్రం ఆర్డరిచ్చేవాళ్ళ చేత్తోనే కాగితం మీద రాయించుకోండి, ఫోన్లో మెసేజ్ చాలదు. ఏ లిపైనా సరే, రానిదైతే మరీను. నడిచే పిల్లలకైతే పేరు మెడ లోపలి పట్టీ మీద కుట్టండి. గుండెల మీద ఉంటే దారినపోయే ప్రతివాడూ పేరు పెట్టి పిలుస్తాడు. మూడేళ్ళ లోపు పిల్లలకి పూసలు, అద్దాలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. అంచు లోపల, మడతలో, మీ పేరు కూడా కుట్టుకోండి. రెండక్షరాలు చాలు. డబ్బులు అడక్కండి దానికి. ఎవరైనా విప్పెయ్యమంటే విప్పడానికి మాత్రం డబ్బులు తీసుకోండి.

మాస్టారు వాచీ చూస్తున్నారు. ఆ నాలుగు పేజీలు ఆఫీసులో ఇచ్చి వెళ్తాను. డ్రెస్ ఎక్కడి దాకా వెళ్ళింది? మూడో వరస... ముందుకి పంపండమ్మా. ఇంకొక్క మాట, సర్టిఫికెట్లు ఇచ్చేముందు. ఇందాక టేబుల్ మీద చూశాను, రెండింటిలో పేర్లు తప్పు పడ్డాయి. నాగలక్ష్మికి 'క్ష' లేదు. ఎవరిదో చూసుకోండి. మాస్టారూ, ఫోటోలు తర్వాత తీసుకుందాం, ముందు అవి దిద్దించండి.