36 ఎలక్ట్రాన్ల లెక్క

(నెల్లూరులో డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన వైపు బోరాన్ ఎక్కడుందని అడిగితే గూడూరు, సైదాపురం అభ్రకం గనులు చూపిస్తాను. అక్కడి రాళ్లలో కనిపించే నల్లటి టూర్మలిన్‌లో బోరాన్ ఉంది. కాకపోతే అది మూడు ఆక్సిజన్లకు కట్టుబడి, మీ పుస్తకంలో ఉన్నట్టే బుద్ధిగా ఉంటుంది. ప్రకృతిలో ఒంటరి బోరాన్, అంటే వేరే మూలకంతో కలవని బోరాన్, దొరకదు. చిక్కంతా ఆ ఒంటరి బోరాన్‌తోనే.

దాని బయటి కక్ష్యలో ఉన్నవి 3 ఎలక్ట్రాన్లు. స్ఫటికంలో చూస్తే ఒక్కో పరమాణువుకు ఆరేడు పొరుగు పరమాణువులు. మరి బంధాలు ఎలా కుదిరాయి?

12 పరమాణువులు కలిసి ఐకోసాహెడ్రన్ అనే పంజరం కడతాయి. ముఖాలు 20, అంచులు 30. బంధానికి ఒక ఎలక్ట్రాన్ల జంట కావాలి కదా, అంచుకొక జంట చొప్పున ఇవ్వాలంటే 60 ఎలక్ట్రాన్లు కావాలి, పన్నెండు పరమాణువులకు మూడేసి చొప్పున ఉన్నవి 36. అందుకే బోరాన్ అంచుల లెక్కే పెట్టుకోదు. 13 జంటలు పంజరమంతా పరుచుకుంటాయి. అంటే 26 ఖర్చయ్యాయి, 10 మిగిలాయి.

ఇక బోరాన్ స్ఫటిక రూపాల్లో ఒకటైన ఆల్ఫా బోరాన్ చూడండి, ఇందులో ఈ పంజరాలు పొరలు పొరలుగా ఉంటాయి. పంజరంలోని ఆరు పరమాణువులు పై పొరకూ కింది పొరకూ మామూలు బంధాలు వేస్తాయి, తలా ఒకటి చొప్పున దానికి 6 ఎలక్ట్రాన్లు. మిగతా ఆరు తమ పొరలోని పక్క పంజరాలతో మూడు కేంద్రాల బంధంలో ఉంటాయి. ముగ్గురు అన్నదమ్ములు ఒకే బోరు కింద పైరు పెట్టుకున్నట్టు, మూడు పరమాణువులకు ఒకటే జంట. తలా మూడింట రెండు వంతుల ఎలక్ట్రాన్, ఆరింటికి 4. 26, 6, 4 కలిపితే సరిగ్గా 36! కెమిస్ట్రీలో నాకు ఇంతకంటే నచ్చిన కూడిక లేదు. ఒకే జంటను ముగ్గురు పంచుకుంటే బంధం బలహీనపడి పొడవవుతుంది, పొడవులు కొలిచినా ఇదే కనిపిస్తుంది: పొరల మధ్య బంధం సుమారు 1.67 ఆంగ్‌స్ట్రామ్‌లు, మూడు కేంద్రాలది దాదాపు 2.

మరో స్ఫటిక రూపం బీటా బోరాన్ మాత్రం తలనొప్పి. యూనిట్ సెల్‌లో, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న భాగంలో, 105 పరమాణువులు ఉండాలి, కానీ కొన్ని చోట్లు ఖాళీ, కొన్ని పరమాణువులు సందుల్లో అదనం. చాలాకాలం దీన్ని స్ఫటికంలో లోపంగానే చూశారు. 2001లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జెమ్మిస్, బాలకృష్ణరాజన్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ జంటల లెక్క వేసి చూపించారు. ముఖాలు పంచుకుని అతుక్కున్న పంజరాల దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కువ, విడి పంజరాల దగ్గర తక్కువ. ఎక్కువైన చోట పరమాణువు తప్పుకుంటుంది, సందుల్లో చేరినవి కొరత తీరుస్తాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.