హైదరాబాద్ చూడాలంటే రూమ్ ఎక్కడ తీసుకోవాలి?

నమస్తే అండీ. రెండు రోజుల్లో హైదరాబాద్ చూసేద్దామని వచ్చేవాళ్లు ఫొటోలు బాగున్నాయని హైటెక్ సిటీలో రూమ్ బుక్ చేసేస్తారు. అక్కణ్ణుంచి చార్మినార్ దాదాపు ఇరవై కిలోమీటర్లు. సగం రోజు ట్రాఫిక్కే తినేస్తుంది. ఆఫీసు పనైతే అక్కడే దిగండి, కాదనను. ఊరు చూడ్డానికైతే మాత్రం నాంపల్లి, ఆబిడ్స్, కోఠి. ఈ మూడింట్లో ఎక్కడైనా సరే.

ముందు రూమ్ సంగతి. మీ రైలు తెల్లారి ఐదింటికి దిగుతుందనుకోండి. మధ్యాహ్నం పన్నెండుకి చెకిన్ అనే హోటల్లో ఏడు గంటలు రిసెప్షన్ సోఫాలో కూర్చోవాలి, లేదంటే ఇంకో పూట అద్దె కట్టాలి. నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో ‘24 గంటల చెకౌట్’ బోర్డు కనిపిస్తుంది. అంటే ఐదింటికి చేరితే మర్నాడు ఐదింటి వరకు రూమ్ మీదే. కానీ యాప్‌లో బుక్ చేస్తే ఆ బోర్డు పనిచేయకపోవచ్చు, యాప్ స్లిప్ మీద ఉన్న టైమే లెక్క అంటారు. అందుకే ముందే ఫోన్ చేసి అడగండి.

రూమ్ చూడకుండా డబ్బు కట్టొద్దు. స్టేషన్ రోడ్డు వైపు గది ఇస్తే రాత్రంతా ఆటో హారన్లే. వెనకవైపుది అడగండి, కాకపోతే దానికి కిటికీ ఉందో లేదో చూసుకోండి, కొన్నిటికి కిటికీ తీస్తే ఎదురుగా గోడే. గీజర్ వేసి, వేడినీళ్లు వస్తున్నాయో లేదో అక్కడే తేల్చుకోండి. రోజుకి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం. 1,800 గదికి 90 రూపాయలు పడుతుంది. ఇంకా పాత రేటు 12 శాతం వేస్తే బిల్లు వెనక్కిచ్చి అడగండి. గుర్తింపు కార్డు వచ్చిన పెద్దవాళ్లందరికీ కావాలి. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి అది చెల్లదంటారు.

ఇక అసలు సంగతి. నాంపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్. సికింద్రాబాద్‌లో రైలు దిగేవాళ్లకైతే సికింద్రాబాద్ వెస్ట్ నుంచి గ్రీన్ లైన్ నేరుగా ఎంజీబీఎస్‌కే వస్తుంది. అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నడవండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరు మునిగినప్పుడు దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి కొమ్మలు పట్టుకుని బతికారు. కింద ఊరుకి ఊరే కొట్టుకుపోతోంది. వేలమంది పోయారు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఇప్పటికీ ఏటా ఆ తేదీన జనం ఈ చెట్టు కింద చేరి చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. ఇది ఆసుపత్రి అండీ, రోగుల మీదికి కెమెరా పెట్టకండి.

మీరు ఇవాళ చూసే నగరం చాలావరకు ఆ వరద తర్వాత కట్టిందే. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీళ్లను ఊరికి పైనే ఆపాలన్నాడాయన. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగరే మన గండిపేట. ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని సామెత పుట్టింది ఇక్కణ్ణుంచే. ఊరిని బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ మీదున్న నయాపూల్ వంతెన మీద నిలబడి దక్షిణానికి తిరగండి. కుడిచేతి వైపు ఎర్రరాతి హైకోర్టు, 1920లో తెరిచారు. ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. మదీనా కూడలి దాటాక పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు కూడా ఆ బోర్డు కట్టించినవే. ఇంకాస్త ముందుకెళ్తే చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్, ఆ తర్వాత 1591 నాటి చార్మినార్. నయాపూల్ నుంచి తీరిగ్గా నడిస్తే అరగంట.

మ్యూజియంలో గడియారం దగ్గర పన్నెండు గంటలకు జనం కిక్కిరిసిపోతారు. గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంది కదా మరి! పదకొండూ నలభై ఐదుకే వెళ్లి కూర్చోండి. శుక్రవారం మాత్రం ఈ ప్లాన్ వేయకండి. మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు సెలవు, మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ. చార్మినార్ ఎక్కే మెట్లు ఇరుకు, ఎత్తు కూడా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద నీడలో కూర్చోబెట్టి వెళ్లండి.

తిరుగుదారిలో 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి ఐస్‌క్రీం తినండి. అక్కణ్ణుంచి నాంపల్లి రూముకి నడిచే పోవచ్చు.