హావ్‌లాక్‌లో స్కూబా, స్నార్కెలింగ్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కరలేదు

ప్రేక్షకులకు నమస్కారం. అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపానికి సిలిండరు గాలితో నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్, గొట్టంతో ఊపిరి తీస్తూ నీటిపై తేలి కిందికి చూసే స్నార్కెలింగ్ కోసం వెళ్లడం పెట్టిన ఖర్చుకు తగినదేనా అన్నది ఈ వీడియోలో చూద్దాం. 2018 డిసెంబరు నుంచి ఈ ద్వీపం అధికారిక నామం స్వరాజ్ ద్వీప్ అయినా, జెట్టీలోనూ డైవ్ సెంటర్లలోనూ ఇప్పటికీ హావ్‌లాక్ అన్న పేరే వినిపిస్తుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రావెల్ ఏజెంట్లు ప్యాకేజీలో కలిపి అమ్మే అరగంట డైవింగ్ కోసమే అయితే ఇంత దూరం రానక్కరలేదు. మూడు నాలుగు రోజులు కేటాయించి డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేయదలచుకున్నవారికి మాత్రం, లక్షద్వీప్‌ను పక్కన పెడితే, మన దేశంలో ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. చెన్నై, కోల్‌కతా, హైదరాబాదుల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానాలున్నాయి. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. విశాఖపట్నం నుంచి ప్రయాణికుల ఓడ కూడా అప్పుడప్పుడు నడుస్తుంది గాని, రెండు రోజులకు పైగా సముద్రం మీదే గడిచిపోతుంది కాబట్టి సెలవులు తక్కువ ఉన్నవారికి అది పనికిరాదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రభుత్వ పడవలు, ప్రైవేటు పడవలు రెండూ ఉన్నాయి, దాదాపు రెండు గంటల ప్రయాణం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉంటుంది. మే నుంచి వానలు మొదలైతే ఎప్పుడు పడవ ఆగిపోతుందో, ఎప్పుడు డైవ్ రద్దవుతుందో చెప్పలేం. భాష గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. అయితే హావ్‌లాక్‌లో స్థిరపడినవారు ప్రధానంగా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కాబట్టి, పోర్ట్ బ్లెయిర్ బజారులో వినిపించినంత తెలుగు ఇక్కడ వినిపించదు.

ఇక అసలు విషయానికి వస్తాను. డైవింగ్ తెలియనివారికి ఇక్కడ అందరూ అమ్మేది ట్రై డైవ్. ఈత రాకపోయినా చేయవచ్చు, పదేళ్లు నిండిన పిల్లలూ చేయవచ్చు. ఒంట్లో ఉన్న జబ్బులను గురించి అడిగే ఒక పత్రం మీద సంతకం చేయిస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషను వంటివి ఉన్నా, డబ్బు కట్టేశామని అన్నిటికీ ‘లేదు’ అని రాసేవారిని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఊరి నుంచి బయలుదేరకముందే డాక్టరును అడిగి రండి. తరువాత మోకాటి లోతు నీటిలో నిలబెట్టి, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరుతో ఊపిరి తీసుకోవడం, మాస్కులోకి చేరిన నీటిని ముక్కుతో ఊది బయటికి పంపడం, చేతి సైగలు నేర్పుతారు. బొటనవేలు పైకి చూపిస్తే నీటి కింద ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళదాం’ అని అర్థం. ఉత్సాహంతో బొటనవేలు చూపించి, నిమిషాల్లోనే ఒడ్డుకు తిరిగివచ్చిన పర్యాటకులు ఇక్కడ అరుదేమీ కాదు.

ఈ డైవ్‌కు అనుమతించే గరిష్ఠ లోతు 12 మీటర్లు, నిజానికి అంతకంటే తక్కువ లోతులోనే తిప్పుతారు. సిలిండరును వెనక నుంచి ఇన్‌స్ట్రక్టరే పట్టుకుని ఉంటారు, ఎటు వెళ్లాలో, ఎంత లోతుకు దిగాలో ఆయనే నిర్ణయిస్తారు. భద్రత దృష్ట్యా అలాగే ఉండాలి కూడా. కానీ ఆ అరగంటలో సగం చెవుల నొప్పికీ, ఫొటోలకు భంగిమలు పెట్టడానికీ సరిపోతుందన్నది నా ఫిర్యాదు. చెవుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నీటిలో పది మీటర్లు దిగితే ఒత్తిడి ఒక వాతావరణం నుంచి రెండుకు పెరుగుతుంది, అంటే రెట్టింపవుతుంది. ఆ తరువాతి పది మీటర్లకు రెండు నుంచి మూడు అవుతుంది, అంటే సగం మాత్రమే పెరుగుతుంది. అందువల్ల చెవులు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది మొదటి కొన్ని మీటర్లలోనే, అంటే సరిగ్గా ట్రై డైవ్ జరిగే లోతులోనే. ముక్కు మూసి మెల్లగా ఊదుతూ, నొప్పి మొదలుకాకముందే ఒత్తిడి సరిచేసుకుంటూ దిగాలి. జలుబు ఉన్న రోజున ఆ పని కుదరదు కాబట్టి, ముందుగా కట్టిన డబ్బు పోయినా సరే, ఆ రోజు నీటిలోకి దిగకూడదు.

ధర విషయానికి వస్తే, ఒడ్డు నుంచి నడిచి దిగే ట్రై డైవ్ మూడు నాలుగు వేల రూపాయల దగ్గర మొదలవుతుంది, పడవలో తీసుకువెళితే ఇంకా పెరుగుతుంది. ఫొటోలు, వీడియోలు ఉచితమని చెబుతారు. అయితే నీరు ముందుగా ఎరుపు రంగును పీల్చేసుకుంటుంది కాబట్టి, లైటు లేకుండా తీసిన ఆ చిత్రాలలో అన్నీ నీలి ఆకుపచ్చగానే కనిపిస్తాయి. ఇప్పుడు తెరమీద చూస్తున్నది అలాంటి చిత్రమే. పక్కన ఉన్నది, అదే పగడాన్ని లైటు వేసి తీసినది. తేడా మీకే తెలుస్తోంది. అందరూ ఆక్సిజన్ సిలిండర్ అనే ఆ సిలిండరులో ఉండేది కూడా వడపోసి, ఒత్తిడితో నింపిన మామూలు గాలి మాత్రమే.

ఇప్పుడు ఓపెన్ వాటర్ కోర్సు. పాడీ, ఎస్‌ఎస్‌ఐ అనే రెండు సంస్థల పద్ధతులలో ఇక్కడ బోధిస్తారు. ఏది చేసినా సర్టిఫికెట్ ప్రపంచమంతటా చెల్లుతుంది కాబట్టి, సంస్థ పేరు కంటే ఇన్‌స్ట్రక్టరు ఒకేసారి ఎంతమందిని తీసుకుంటారో, ఏ భాషలో చెబుతారో కనుక్కోవడం ముఖ్యం. ఖర్చు పాతిక వేలు దాటుతుంది. దీనికి ఈత తప్పక రావాలి. 200 మీటర్లు ఆగకుండా ఈదడం, పది నిమిషాలు నీటిపై తేలి ఉండడం పరీక్షిస్తారు. వేగం అక్కరలేదు, ఏ పద్ధతిలో ఈదినా ఫరవాలేదు. పాఠాలను ఇంటి దగ్గరే ఆన్‌లైనులో చదివి పూర్తి చేసుకుని వస్తే, ద్వీపంలో విలువైన ఒక మధ్యాహ్నం మిగులుతుంది.

మొదట లోతు తక్కువ నీటిలో అభ్యాసాలు ఉంటాయి. మాస్కు పూర్తిగా తీసి మళ్లీ పెట్టుకోవడం, నోటి నుంచి జారిన రెగ్యులేటరును వెతికి పట్టుకోవడం, గాలి అయిపోయినట్టు సైగ చేసి తోటివారి సిలిండరు నుంచి ఊపిరి తీసుకోవడం వంటివి పదేపదే చేయిస్తారు. విసుగు పుట్టించే ఈ భాగమే మొత్తం కోర్సులో నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది. నీటి కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదన్న ఒక్క నియమాన్ని శరీరానికి అలవాటు చేయడానికే ఎంతో సమయం పడుతుంది. పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచిస్తుంది, బయటికి వెళ్లే దారి లేకపోతే ఊపిరితిత్తులనే గాయపరుస్తుంది. ఆ తరువాత సముద్రంలో నాలుగు డైవ్‌లు, 18 మీటర్ల లోతు వరకు.

కోర్సు చేసినవారికీ ట్రై డైవ్ చేసినవారికీ తేడా మునగకుండా, తేలకుండా నీటి మధ్య నిలబడగలగడంలో ఉంది. ఒంటికి తొడిగిన, గాలి నింపే జాకెట్టు అయిన బీసీడీలో గాలిని సరిగ్గా సర్దుకుంటే, నిండుగా ఊపిరి పీల్చినప్పుడు మనిషి కొద్దిగా పైకి లేస్తాడు, వదిలినప్పుడు కొద్దిగా దిగుతాడు. చేతులతో నీటిని తోయడం మానేసిన క్షణం నుంచి గాలి ఖర్చు తగ్గుతుంది, డైవ్ సమయం పెరుగుతుంది, చేపలు పారిపోవడం తగ్గుతుంది. మాస్కు లోపలి గాలికీ బయటి నీటికీ మధ్య కాంతి వంగడం వల్ల వస్తువులు మూడింట ఒక వంతు పెద్దవిగా, మరింత దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి, మొదట్లో ప్రతి పగడమూ చేతికి అందుతుందనిపిస్తుంది. అందినా తాకకూడదు.

కోర్సు మొదటి డైవ్‌లు సాధారణంగా నీమో రీఫ్ వంటి తీరానికి దగ్గరి చోట్ల ఉంటాయి. అక్కడ పువ్వుల్లా కనిపించే జంతువులైన సముద్రపు ఆనిమోన్‌ల మధ్య తిరిగే క్లౌన్‌ఫిష్‌లను తొందరపడకుండా గమనించండి. ఒక ఆనిమోన్‌లోని గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడచేప. అది చనిపోతే తరువాతి స్థానంలో ఉన్న మగచేపే ఆడచేపగా మారుతుంది. నీటి కింద చెవులకు ఎడతెగకుండా వినిపించే కరకర శబ్దంలో కొంత, చిలుకముక్కు వంటి నోటితో పగడాల మీది నాచును గీకి తినే ప్యారట్‌ఫిష్‌ది. ఆ గీకుడులో కడుపులోకి వెళ్లిన పగడపు సున్నం ఇసుకగా బయటికి వస్తుంది. మనం నడిచే తెల్లటి తీరాలలో కొంత వాటి చలవే. జెట్టీకి దగ్గరలోనే ఉన్న ‘ది వాల్’ అనే చోట రాతిగోడ ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. స్నాపర్ గుంపులు, లయన్‌ఫిష్, పగుళ్లలోంచి తల బయటపెట్టే మోరే ఈల్ అక్కడ కనిపిస్తాయి. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి పేరున్న చోట్లు ఇంకా లోతైనవి, ప్రవాహం ఎక్కువ ఉన్నవి. వాటి కోసం 30 మీటర్ల వరకు అనుమతించే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలి.

స్నార్కెలింగ్ గురించి ఇంత ఉత్సాహంగా చెప్పలేను. అందరూ వెళ్లేది ఎలిఫెంట్ బీచ్‌కు. జెట్టీ నుంచి పడవలో పోవచ్చు, అడవిలోంచి నడిచీ పోవచ్చు. నడకే మంచిది, దారి బాగుంటుంది. ప్యాకేజీలోని ‘ఉచిత’ స్నార్కెలింగ్ అంటే, లైఫ్ జాకెట్ తొడిగిన నలుగురైదుగురిని రబ్బరు రింగుకు పట్టించి గైడు లాక్కుంటూ వెళ్లి కొద్ది నిమిషాలలో తిరిగి తెచ్చి దించడం. ఒడ్డుకు దగ్గరగా కనిపించేది చాలావరకు విరిగిన పగడపు ముక్కలే. 2010లోనూ 2016లోనూ సముద్రపు నీరు మితిమీరి వేడెక్కి, పగడాలు తమలో ఉండే నాచును వెళ్లగొట్టుకుని తెల్లబడిపోయిన ఘటనలు అండమాన్‌లో జరిగాయి. ఆ నష్టానికి తోడు, ఎందరో పర్యాటకులు పగడాల మీద నిలబడి అలసట తీర్చుకోవడం కూడా ఇక్కడ కళ్లారా చూడవచ్చు. కొంచెం అదనంగా చెల్లించి డైవ్ సెంటరు పడవలోనే స్నార్కెలింగుకు వెళితే, లోతు అంచున ఉన్న సజీవమైన పగడాలు కనిపిస్తాయి. పొరుగున ఉన్న నీల్ ద్వీపంలో భరత్‌పూర్ తీరం కూడా నేర్చుకునేవారికి అనువైనదే గాని, ఆటుపోట్ల వేళలు కనుక్కుని వెళ్లాలి. నీరు బాగా తీసినప్పుడు పగడాల మీద పొట్ట రాసుకుపోతుంది.

మొసళ్ల సంగతి ఏ ప్యాకేజీవారూ చెప్పరు. 2010లో ప్రసిద్ధమైన రాధానగర్ తీరం పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో మరణించారు. కాబట్టి హెచ్చరిక బోర్డులున్న చోట, మడ అడవులకు దగ్గరగా, చీకటిపడే వేళ నీటిలోకి దిగకండి. ఇంకో మాట. ఈ ద్వీపంలో సముద్రంలో ఈదే ఏనుగుగా పేరుపొందిన రాజన్ 2016లోనే చనిపోయింది. ఏనుగుతో ఈత అంటూ పాత ఫొటోలు చూపించి ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకుని సంచిలో వేసుకోవడం కూడా వద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారు.

డైవ్ సెంటరును ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి. పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ కిట్ ఉందా, సిలిండరులో మిగిలిన గాలిని చూపే గేజి సరిగా పనిచేస్తోందా, ఒక్కో ఇన్‌స్ట్రక్టరు ఎందరిని తీసుకువెళుతున్నారు, నీరు కల్లోలంగా ఉన్న రోజు డైవ్ రద్దుచేసి డబ్బు వెనక్కి ఇస్తారా. మొదటి ప్రశ్నకే విసుక్కునేవారైతే పక్క దుకాణానికి వెళ్లండి, అదే రోడ్డు మీద ఇంకా చాలా ఉన్నాయి.

చివరిగా ప్రయాణ క్రమం. డైవింగులో రక్తంలో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. సెలవుల చివరి రోజుకు డైవింగ్ పెట్టి, మర్నాటి ఉదయపు విమానానికి టికెట్లు తీసే ప్యాకేజీలు నాకు ఎన్నో ఎదురయ్యాయి. అటువంటిది మీ చేతికి వస్తే క్రమం మార్చమని అడగండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన మరునాడే హావ్‌లాక్‌కు చేరి, ముందు కోర్సు పూర్తి చేసుకుని, సెల్యులార్ జైలు, మ్యూజియాలు, బజారు తిరుగు ప్రయాణంలోని చివరి రోజుకు పెట్టుకోండి. పడవ ఆలస్యమైనా విమానం తప్పిపోకుండా ఆ రోజే ఆదుకుంటుంది.