‘11 నుంచి 12: ఫ్రీ ప్లే’ – వేసవి సెలవుల టైమ్ టేబుల్‌లో ఆ ఒక్క గడితోనే నా పేచీ

నమస్కారం. వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, పిల్లల కోసం తయారుచేసిన టైమ్ టేబుళ్లు నాకు వచ్చి పడుతుంటాయి. రంగురంగుల గళ్లు. 9 నుంచి 10 లెక్కలు. 10 నుంచి 11 డ్రాయింగ్. 11 నుంచి 12 ఫ్రీ ప్లే. కింద ఒక ప్రశ్న: "చదువుకీ ఆటకీ బ్యాలెన్స్ కుదిరినట్టేనా?"

కుదరలేదండీ. ఆ గడిని రెండు గంటలు చేసినా కుదరదు. ఎందుకంటే ఇక్కడ లెక్క గంటలది కాదు, పెత్తనం ఎవరిదన్నది. ఆట ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి, ఎవరితో ఆడాలి అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించేస్తే పిల్లలకు మిగిలింది ఇంకో పీరియడ్. ఆ పీరియడ్‌కి టీచర్ కనపడడు, అంతే తేడా.

పిల్లలు ఆడుకోవాలి, ఆట మంచిది... ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేరుగా ఒక ఆట దగ్గరికి వెళ్దాం. ఈ వీడియో అయ్యేదాకా ఈ ఆటను వదలను, ముందే చెప్తున్నా.

(స్క్రీన్ మీద: ఐదుగురు పిల్లల బొమ్మ)

దాగుడుమూతలు. ఐదుగురు పిల్లలు. అందరికన్నా పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి నాలుగు. పంటలు వేసుకున్నారు, చిన్నదే దొంగ అయింది. ఇప్పుడేమవుతుంది? అది ఎవర్నీ పట్టుకోలేదు. కాసేపు తిరుగుతుంది, ఏడుపు లంకించుకుంటుంది, ఇంటికెళ్లిపోతుంది. దాన్ని చూసుకోమని పంపారు కాబట్టి వెనకే వాళ్లక్క కూడా వెళ్లాలి. ఇక మిగిలేది ముగ్గురు. ఆట చప్పబడిపోతుంది.

అందుకని పదేళ్లవాడు ఒక మాటంటాడు: "అది ఆటలో అరటిపండు." పాప దాక్కుంటుంది, పరిగెడుతుంది, కేరింతలు కొడుతుంది. దొరికినా దొంగ మాత్రం అవ్వదు. సమస్య తీరిపోయింది. ఈ పరిష్కారం ఏ పెద్దవాళ్లూ చెప్పలేదు, ఏ వర్క్‌బుక్‌లోనూ లేదు.

తీరిపోయింది అనుకునేలోపే ఆరేళ్లవాడు లేస్తాడు. "అయితే నేను కూడా అరటిపండే!" ఇప్పుడు అసలు చిక్కు. అందరూ అరటిపండ్లయితే దొంగ ఎవరు? కాసేపు అరుపులు, "తొండి" అంటే "తొండి" అని ఎదురు అరుపులు, తూచ్‌లు. చివరికి ఒక బేరం కుదురుతుంది. ఆరేళ్లవాడు దొంగ అవ్వాల్సిందే. కానీ మిగతావాళ్లు దొంగైతే 20 దాకా లెక్కపెట్టాలి, వాడు 10 దాకా లెక్కపెడితే చాలు. దాక్కోవడానికి అవతలివాళ్లకు టైమ్ తగ్గింది కాబట్టి వాడికీ ఒక అవకాశం దొరికింది. బలం తక్కువైనవాడిని ఆటలోంచి తీసేయకుండా, ఆటా చెడిపోకుండా నియమాన్ని సర్దారు. పెద్దవాళ్ల మీటింగుల్లో ఇంత తెలివైన రాజీ నేను అరుదుగా చూశాను.

ఈ రాజీ ఎందుకు కుదిరింది? పిల్లలు మంచివాళ్లని కాదు. ఎవరికి నచ్చకపోయినా "నేను రాను పో" అని వెళ్లిపోవచ్చు కాబట్టి. వెళ్లిపోతే ఆట ఉండదు. ఆట కావాలంటే ఎదుటివాడికి కూడా అది నచ్చేలా చూడాలి. ఇక్కడ ఒక కోచ్‌నో, ఒక నాన్ననో పెట్టండి. "నువ్వు దొంగ, నువ్వు కాదు, నోర్మూసుకుని ఆడండి." పది సెకన్లలో గొడవ సద్దుమణుగుతుంది. ఆట కూడా సాఫీగా సాగుతుంది. కానీ ఆ పది నిమిషాల బేరసారాలు ఉన్నాయి చూడండి, అవి మాయమైపోయాయి. మనకు చిరాకు తెప్పించే ఆ అరుపులే ఆటలో సగం.

పిల్లల ఆట నియమాల మీద ప్యాజే అనే స్విస్ మనస్తత్వవేత్త చాలా కాలం పనిచేశాడు. 1932లో వచ్చిన పుస్తకంలో గోలీలాట గురించి పేజీలకు పేజీలు రాశాడు. ఈ నియమాలు ఎవరు పెట్టారు, వీటిని మార్చొచ్చా అని పిల్లల్నే అడిగాడు. చిన్నపిల్లలకు నియమం అంటే తాకరానిది, పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టింది. పది, పదకొండేళ్లు దాటినవాళ్లు మాత్రం "అందరూ ఒప్పుకుంటే మార్చొచ్చు" అన్నారు. మన పదేళ్లవాడు అరటిపండును ప్రతిపాదించే చోటు సరిగ్గా ఇదే. ఆ వయసుకు చేరేదాకా బేరాలాడే అవకాశం వాడికి ఉండాలి కదా.

ఇంకొకాయన, రష్యాలో వైగోత్‌స్కీ. 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, ఆటలో పిల్లవాడు తనకంటే ఒక తల ఎత్తు పొడుగ్గా ఉంటాడన్నాడు. ఆయన ముఖ్యంగా ఇంకా బడి వయసు రాని పిల్లల ఊహల ఆటల గురించి మాట్లాడాడు. కానీ మన ఆటలోనూ కనిపిస్తుంది. క్లాసులో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేని పిల్లాడు తలుపు చాటున ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. నవ్వొస్తుంది, ఆపుకుంటాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కూర్చునేవాడు కాదు.

2014లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 6, 7 ఏళ్ల పిల్లల రోజువారీ కార్యక్రమాలను తల్లిదండ్రుల ద్వారా సేకరించి చూశారు. పెద్దవాళ్లు నడిపించని సమయం ఎక్కువున్న పిల్లలు, తమంతట తాము లక్ష్యం పెట్టుకుని పనిచేయాల్సిన పరీక్షలో మెరుగ్గా ఉన్నారు. క్లాసులు, కోచింగులు ఎక్కువున్నవాళ్లు అందులో వెనకబడ్డారు. ఇది కారణం, ఇది ఫలితం అని ఆ పరిశోధన నిరూపించలేదు. ఆ మాట పరిశోధకులే చెప్పారు. అయినా ఒక దిశ చూపిస్తోంది.

ఇక్కడ ఒక పక్కమాట. "ఆటలోనే చదువు చెప్పేద్దాం" అనే ఫ్యాషన్ ఒకటుంది. చెట్టు కింద కర్రలతో ఇల్లు కడుతున్న పిల్లాడి దగ్గరికి వెళ్లి "ఆ రెండు కర్రల మధ్య ఎంత కోణం నాన్నా?" అని అడగడం. దయచేసి అడక్కండి. వాడు ఆ కర్రలు పడేసి లోపలికి పోతాడు, మీరు పాఠం చెప్పాననుకుంటారు.

మరి చదువు వద్దా అంటారు. కావాలి. సెలవుల్లో అంతా మర్చిపోతారన్న టెన్షన్ ఉత్తదేమీ కాదు. 1996లో అమెరికా పరిశోధకుడు హ్యారిస్ కూపర్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. వేసవి సెలవులు అయ్యేసరికి పిల్లలు సగటున సుమారు ఒక నెల బడి చదువు వెనక్కి వెళ్తున్నారని తేల్చింది. ఆ తర్వాత దీనిమీద వాదన నడిచింది. పాత అధ్యయనాల్లో సెలవుల ముందు ఒక పరీక్ష, తరగతి మారాక వేరే పరీక్ష పెట్టేవారు. అలా కొలిస్తే లెక్క తప్పుతుందని 2019లో పాల్ వాన్ హిప్పెల్ లాంటి పరిశోధకులు చూపించారు. కాబట్టి "ఒక నెల" అన్న అంకెను పట్టుకుని భయపడకండి.

నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. కూపర్ లెక్కలో ఎక్కువ తగ్గింది దేంట్లో? కూడికలు, గుణకారాలు, భాగహారాల లాంటి లెక్కలు చేయడంలో, స్పెల్లింగులో. అంటే చేతికి అలవాటు తప్పితే జారిపోయే విషయాల్లో. వీటికి కావలసింది రోజుకు మూడు గంటల కోచింగ్ కాదు, అలవాటు తప్పకుండా చూసుకోవడం. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీ పట్టి, ఎంత మర్చిపోతున్నాడో తనమీద తానే కొలుచుకున్నాడు. 1885లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మర్చిపోయినట్టు అనిపించినదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు. ఒకే రోజు బట్టీ కొట్టేయడం కన్నా కొన్ని రోజులకు పంచుకుంటే బాగా నిలుస్తుంది. కాబట్టి నా అభిప్రాయం: ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 20 నిమిషాలు చాలు. పొద్దున్నే కానిచ్చేసి మర్చిపోవాలి. మిగతా రోజంతా దాని నీడ పడకూడదు.

ఆ 20 నిమిషాల్లో ఏం చేయాలి? చదివిందే మళ్లీ చదివించకండి. పుస్తకం మూసి, గుర్తున్నది చెప్పమనండి, రాయమనండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. సెలవుల ఇబ్బంది వారాల తరబడి మర్చిపోవడమే కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది.

ఇక కథల పుస్తకాలు. ఇక్కడ మళ్లీ మన అరటిపండు. ఏ పుస్తకం చదవాలో మీరే చెప్తారు, రోజుకు ఎన్ని పేజీలో మీరే చెప్తారు, అర్థమైందా లేదా అని ప్రశ్నలూ మీరే వేస్తారు. ఇందులో పిల్లాడి పాత్ర ఏమిటి? తన చదువులో తనే ఆటలో అరటిపండు! ఉన్నాడన్న పేరే గానీ వాడు ఏం చేసినా లెక్కలోకి రాదు. అలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలకు మూడు వేసవుల పాటు, ఏటా ఒక డజను పుస్తకాలు ఇచ్చారు. ఆ పుస్తకాలను పిల్లలే ఎంచుకున్నారు. పుస్తకాలు అందని పిల్లల కన్నా వీళ్ల పఠనం మెరుగుపడింది. 2010లో అచ్చయిన పని ఇది. బొమ్మల కథలు, దయ్యాల కథలు, క్రికెటర్ల జీవితాలు, ఏదైనా సరే. "అదేం పుస్తకం?" అని మూతి విరవకండి.

నిజంగా ఆటలో అరటిపండు అవ్వాల్సినవాళ్లు ఒకరున్నారు. మనం. పిల్లలు పిలిస్తే ఆటలోకి వెళ్లండి, పరిగెత్తండి, కానీ మీ మాట చెల్లకూడదు. నియమం మీద గొడవొచ్చి తీర్పు చెప్పమని మీ దగ్గరికి వస్తే "మీరేం చేద్దామనుకుంటున్నారు?" అని తిరిగి అడగండి. నీళ్లు, రోడ్డు, ఎత్తైన గోడలు, మండే ఎండ... వీటి దగ్గర మాత్రం పెద్దరికం వదలొద్దు. అలాగే ఒక పిల్లాడిని మిగతావాళ్లంతా పనిగట్టుకుని ఏడిపిస్తుంటే మధ్యలోకి దూరాలి. అది ఆట కాదు.

టైమ్ చూస్తే అయిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తా.

"చదివితే ఫోన్ ఇస్తా" అనే లంచం. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు ఒక నర్సరీ స్కూల్లో దీన్ని పరీక్షించి చూశారు. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ పెన్నులు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. పుస్తకాల మీద ఇప్పటికే ఇష్టం ఉన్న పిల్లాడికి పేజీకింత అని కూలి కట్టకండి. ఆటను కూడా చదువుకు బహుమతిగా ఇవ్వొద్దు. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక, 31వ అధికరణంలో విశ్రాంతినీ ఆటనూ హక్కులుగా రాసింది.

ఆరుబయట. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. మయోపియా, అంటే దూరపు చూపు మందగించడం, వాళ్లలో 30.4 శాతం మందికి వచ్చింది. ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితం. ఎండ మరీ ఎక్కువున్న చోట పొద్దున, సాయంత్రం పంపండి.

నిద్ర. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు. సెలవులని అర్ధరాత్రి దాకా మేల్కొంటే పొద్దున ఆ 20 నిమిషాలూ యుద్ధమే.

సమ్మర్ క్యాంపులు. తప్పేం కాదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో పిల్లల్ని ఎక్కడో ఒకచోట ఉంచాలి, దానికి అపరాధ భావం అక్కర్లేదు. ఈత నేర్చుకుంటే మరీ మంచిది. కాకపోతే దాన్ని క్లాసుల ఖాతాలోనే రాయండి, ఫ్రీ ప్లే ఖాతాలో రాయకండి. క్యాంపు నుంచి వచ్చాక ఇంకో క్లాసు వద్దు.

"బోర్ కొడుతోంది." వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టకండి. మొదటి రెండు మూడు రోజులు నస భరించాలి. ఏడాదంతా ఎవరో ఒకరు నడిపిస్తే నడిచిన పిల్లలకు, ఏం చేయాలో తేల్చుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. స్క్రీన్ ఆ టైమ్‌నే మింగేస్తుంది, నా అభ్యంతరం అందుకే.

ఆఖరిది, అందరూ అడిగేది: "మా ఇంట్లో ఒక్కడే, ఎవరితో ఆడతాడు?" ఒక్కడే ఆడినా ఆటే. కానీ బేరసారాలు కావాలంటే ఇంకొకరు ఉండాలి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు మాట్లాడుకుని, వారంలో కొన్ని సాయంత్రాలు పిల్లల్ని ఒకే చోటికి వదలండి. వయసులు కలిసి ఉంటే ఇంకా మంచిది. అక్కడ ఏం ఆడాలో మాత్రం చెప్పకండి. పెద్ద పరీక్షలు ముందున్న హైస్కూల్ పిల్లల సంగతి వేరు, వాళ్లకు విడిగా వీడియో చేస్తా. మీ పిల్లలు సొంతంగా పెట్టుకున్న వింత నియమాలు ఏమైనా ఉంటే కామెంట్లలో రాయండి, చదవాలనుంది. ఉంటాను.