‘క్యారీ’లో తప్పు ఎవరి వేషానిది?

సభాధ్యక్షులకు, నాటకాభిమానులైన మిత్రులందరికీ నమస్కారం.

ఒక నాటకం దెబ్బతిన్నదని తెలియగానే మన వైపు ముందుగా వచ్చే ప్రశ్న ‘వేషాలు ఎవరు కట్టారు?’ అన్నది. రచన గురించీ దర్శకుడి గురించీ ఆ తరువాతే అడుగుతారు. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న సంగీత నాటకం విషయంలో ఆ ప్రశ్నే అసలు చిక్కును విప్పుతుందని నా నమ్మకం.

న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలోని వర్జీనియా థియేటర్‌లో ‘క్యారీ’ 1988 మే 12, గురువారం నాడు ప్రారంభమై, ఆదివారం నాటికి మూతపడింది. అంతకుముందు వేసిన 16 ప్రివ్యూలను పక్కన పెడితే, అసలు ప్రదర్శనలు 5. ఖర్చు 70 లక్షల డాలర్లకు పైమాటే. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఫ్రాంక్ రిచ్ దీన్ని 1983లో ఒక్క రాత్రితో ఆగిపోయిన ‘మూస్ మర్డర్స్’ పక్కన నిలబెట్టాడు. బ్రాడ్‌వేలో అంతకు మించిన ఎత్తిపొడుపు లేదు. పెట్టుబడి పెట్టినవారు చేతులెత్తేశారు. ఆ తరువాత అక్కడ ఏ నాటకం కూలినా కొలబద్ద ‘క్యారీ’యే అయింది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. స్టీఫెన్ కింగ్ 1974 నాటి నవల, 1976లో బ్రయన్ డి పాల్మా తీసిన సినిమా దీనికి మూలాలు. మతోన్మాదం తలకెక్కిన తల్లి మార్గరెట్, ఆమె చాటున నలిగిపోయే కూతురు క్యారీ, ఆ పిల్లను ఏడిపించే సహవిద్యార్థులు. తాకకుండానే వస్తువులను కదిలించగల శక్తి ఆ పిల్లకు ఉంటుంది. బడిలో జరిగే నృత్యోత్సవంలో ఆమె నెత్తిన పంది నెత్తురు కుమ్మరిస్తారు, ఆ శక్తి కట్టలు తెంచుకుంటుంది.

సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన లారెన్స్ కోహెనే నాటకాన్నీ రాశాడు. సంగీతం మైకేల్ గోర్‌ది, పాటలు డీన్ పిచ్‌ఫోర్డ్‌వి. ఈ ఇద్దరూ ‘ఫేమ్’ సినిమా పాటతో ఆస్కార్ అందుకున్న జంట. నృత్య దర్శకురాలు డెబీ ఆలెన్‌దీ ‘ఫేమ్’ బృందమే. దుష్ట యువకుడు బిల్లీ వేషం కట్టిన జీన్ ఆంథొనీ రే కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. దర్శకుడు మాత్రం పూర్తిగా మరో లోకానికి చెందిన టెర్రీ హ్యాండ్స్, షేక్‌స్పియర్ నాటకాలకు పేరుపడ్డ ఇంగ్లండ్ సంస్థ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి అప్పటి అధిపతి. అదే సంస్థ 1985లో ‘లే మిజరాబ్ల్’తో దండిగా పేరూ డబ్బూ చూసింది కనుక మరొక సంగీత నాటకం మీద ఆశ పడటంలో వింత లేదు. నిర్మాత ఫ్రెడరిక్ కుర్జ్ పశ్చిమ జర్మనీ వాడు. ఇంగ్లండ్, అమెరికా నటులను కలిపి ఒకే బృందంగా చేసి, 1988 ఫిబ్రవరిలో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే తొలి ప్రదర్శన వేశారు.

ఇక వేషాల సంగతి. స్ట్రాట్‌ఫర్డ్‌లో తల్లి పాత్ర బార్బరా కుక్‌ది. 1957లో ‘ది మ్యూజిక్ మ్యాన్’లో గ్రంథాలయాధికారిణి మేరియన్‌గా పాడి బ్రాడ్‌వే మనసు దోచుకున్న గాయని. వెన్నలాంటి గొంతు, ఒక్క మాట కూడా నలగని ఉచ్చారణ. అప్పటికి ఆమె వయసు 60. కూతురు క్యారీగా వేసిన లిన్జీ హేట్‌లీకి 17, వృత్తి నటిగా అదే తొలి వేషం. తల్లీకూతుళ్ల మధ్య 43 ఏళ్ల ఎడం కంటికి కొంత ఇబ్బంది కలిగించినా, చెవికి అది పెద్ద లోపం కాదు. కుక్ గొంతులోని లాలన మార్గరెట్ క్రౌర్యాన్ని ఇంకా భయంకరం చేయగలదు. అయితే తొలి రాత్రే సెట్టులోని ఒక భాగం కదిలివచ్చి ఆమె తలకు తగలబోయి త్రుటిలో తప్పింది. ఆమె రాజీనామా ఇచ్చి, అక్కడి ప్రదర్శనలు ముగిసేవరకు మాత్రం వేషం కట్టింది. పెద్ద నటి మర్యాద అంటే అదీ.

బ్రాడ్‌వేకు వెళ్లేసరికి ఆ పాత్ర బెటీ బక్లీకి వచ్చింది. 1982లో బ్రాడ్‌వే ‘క్యాట్స్’లో గ్రిజబెల్లాగా పాడి, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు అందుకున్నది ఆమే. తమాషా ఏమిటంటే, 1976 సినిమాలో క్యారీ మీద జాలిపడే వ్యాయామ ఉపాధ్యాయిని ఆమే. అప్పుడు పిల్లను కాపాడాలని చూసిన మనిషి పన్నెండేళ్ల తరువాత ఆ పిల్లనే పొడిచే తల్లి అయింది. వయసు 40, గొంతు తారస్థాయిలో కత్తిలా కోసే రకం. మన పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు దిగుతారు. పద్యాలవే అయినా రాగం తీసే తీరు మారగానే రాయబారం స్వభావమే మారిపోతుంది. ఇక్కడా అంతే. కుక్ పాడితే అది దుఃఖం, బక్లీ పాడితే అది తీర్పు. నాకు బక్లీ మార్గరెట్టే ఎక్కువ నచ్చుతుందని దాచుకోకుండా చెబుతున్నాను.

‘అండ్ ఈవ్ వాజ్ వీక్’ అన్న పాటను దగ్గరగా చూడండి. కూతురు తొలిసారి రజస్వల అయి, ఏం జరిగిందో తెలియక బెదిరిపోయి ఇంటికి వస్తుంది. మన ఇళ్లలోనైతే పేరంటాళ్లను పిలిచి వేడుక చేసే సందర్భం అది. మార్గరెట్‌కు మాత్రం అది పాపం మొలకెత్తిన గుర్తు. పాట ప్రార్థనలా మొదలై, అభియోగంగా మారి, చివరకు పిల్లను నేలమాళిగలోకి తోసేసేదాకా వెళుతుంది. వేదిక మీద రెండు గొంతులు తప్ప మరేమీ అక్కరలేని ఘట్టం. దీన్ని రాసినవారికి సంగీత నాటకం తెలియదని ఎవరనగలరు?

ఇక బడి దృశ్యాలకు వస్తే నాటకం ఆనవాలు పట్టలేనంతగా మారిపోతుంది. తెల్లని, ఖాళీ అయిన, ఎత్తైన రంగస్థలం. రాల్ఫ్ కోల్టాయ్ రూపకల్పన అది. వ్యాయామశాలలోని అమ్మాయిలు పాత గ్రీకు విషాద నాటకాల్లో గుంపుగా పాడే మేళంలా తెల్లని వస్త్రాల్లో ఉంటారు, ఆడేది మాత్రం టీవీలో అలవాటైన ఏరోబిక్స్ గంతులు. రెండో అంకంలో పందులను చంపే పాట ఒకటి ఉంది, ‘అవుట్ ఫర్ బ్లడ్’. ఎర్రని వెలుతురులో నృత్యం చేస్తూ పందులను పొడుస్తారు. ఫ్రాంక్ రిచ్ పట్టుకుని ఉతికింది ఈ దృశ్యాన్నే. బిల్లీగా రే, క్యారీని ఏడిపించే సహవిద్యార్థిని క్రిస్‌గా షార్లెట్ డాంబ్వాజ్ ఇద్దరూ అద్భుతమైన నర్తకులు, పాతికేళ్లకు అటూ ఇటూ వయసువారు. వారి మధ్య నిజంగానే పదిహేడేళ్ల పిల్ల నిలబడితే, సహవిద్యార్థులు ఆట పట్టిస్తున్నట్టు కాక, పెద్దవాళ్లంతా చేరి చిన్నపిల్లను హింసిస్తున్నట్టు ఉంటుంది. ఆ అసౌకర్యాన్ని దర్శకుడు కావాలనే వాడుకుని ఉంటే గొప్పగా ఉండేది. వాడుకోలేదు.

అందుకే అంటాను, ఈ నాటకంలో ఎవరి వేషమూ తప్పు కాదు. ఇంటి నాటకానికి గాయనులను తెచ్చారు, బడి నాటకానికి నర్తకులను తెచ్చారు. రెండు ఎంపికలూ సరైనవే. ఆ రెండూ ఒకే నాటకం కావన్న సంగతి మాత్రం దర్శకుడి బల్ల మీద తేలవలసింది, బ్రాడ్‌వే ప్రేక్షకుల ముందు తేలింది. ఈ రెండు లోకాలకూ వంతెన క్యారీ ఒక్కతే, ఆ బరువంతా తొలి వేషం కడుతున్న అమ్మాయి భుజాన పడింది. ఆమెకు సాంకేతిక సాయమైనా సరిగా అందలేదు. స్ట్రాట్‌ఫర్డ్‌లో నెత్తురు కుమ్మరిస్తే ఒంటి మీది మైకు తడిసి మూగబోయేది. కథ మొత్తం దేనికోసం ఎదురుచూస్తుందో ఆ క్షణమే వారికి పెద్ద తలనొప్పి అయింది.

2012లో ఎంసీసీ థియేటర్ వారు లుసిల్ లోర్టెల్ థియేటర్‌లో మాలీ రాన్సన్ కూతురుగా, మారిన్ మాజీ తల్లిగా దీన్ని మళ్లీ వేశారు. చిన్న వేదిక, తగ్గించిన హంగులు, తిరగరాసిన రచన. గౌరవంగా ఆడింది, కొన్ని వారాలకు ఆగింది. పాటలు ఆల్బంగా వచ్చింది కూడా అప్పుడే. 1988 బృందానికి ఆ అదృష్టం దక్కలేదు.

బ్రాడ్‌వే వైఫల్యాల చరిత్ర రాసిన కెన్ మాండెల్‌బామ్ 1988 నాటి ప్రివ్యూ రాత్రుల గురించి చెప్పిన ఒక ముచ్చట ఉంది. నాటకం తల్లీకూతుళ్ల చావుతో ముగుస్తుంది. దీపాలు వెలగగానే హాలులో సగం చప్పట్లు, సగం ఛీత్కారాలు. అంతలో అప్పటిదాకా శవాలుగా పడి ఉన్న హేట్‌లీ, బక్లీ నమస్కరించడానికి లేచి నిలబడ్డారు. అరుస్తున్నవారితో సహా హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అయిదు ప్రదర్శనలకే ఆగిపోయిన ఆ నాటకానికి గాను, ఆ ఏడాది కొత్త నటులకిచ్చే థియేటర్ వరల్డ్ అవార్డు హేట్‌లీకి వచ్చింది.